గిద్దెడు ఆనందం, కుంచెడు బిల్లు

కాకినాడ తీరాన తరంగిణి సభాభవనానికి ఆ సాయంత్రం వచ్చిన వాళ్ళలో సగం మంది గుమ్మం దగ్గరే తెల్లమొహం వేశారు. ఎందుకంటే అక్కడ గేటు లేదు. గేటు పక్కన నిలబడి టికెట్ చదివే మరమనిషీ లేదు. లోపలికి వెళ్ళాలంటే నడిచి వెళ్ళడమే. 2068లో మనిషి తన సొంత ఇంట్లోకి వెళ్ళాలన్నా తలుపుకి కనుపాప చూపించాల్సి వస్తోంది. అలాంటి రోజుల్లో ఇంత పెద్ద హాల్లోకి ఉత్తినే నడిచి రమ్మంటే ఎవరికైనా అనుమానం రాదూ?

"ఇదేం తిరకాసండీ బాబూ? లోపలికెళ్ళేక తలుపులేసి వసూలు చేస్తారా ఏంటి?" అని అడిగాడు ఉప్పాడ నుంచి జలబస్సులో వచ్చిన ఒక పెద్దాయన.

"లేదండీ. విన్నాకే డబ్బులు. అదీ మీరెంత ఆనందిస్తే అంతకే," అంది గుమ్మం పక్కన నిలబడ్డ డాక్టర్ కొప్పిశెట్టి వకుళ.

"ఆనందించకపోతేనో?"

"ఒక్క పైసా ఇవ్వక్కర్లేదండీ."

పెద్దాయన ఆమెను ఎగాదిగా చూశాడు. చదువు ఎక్కువై ఇలా అయిపోయింది కాబోలు పాపం అన్నట్టు తలాడించి, లోపలికి వెళ్ళి, అందరికంటే ముందు వరసలో కూర్చున్నాడు. ఉచితమంటే మనవాళ్ళు వెనక వరసలో కూర్చోరు.

వకుళకు మతి బాగానే ఉంది. ఆమె నాడీభౌతిక శాస్త్రవేత్త. ఆరేళ్ళు కష్టపడి ఆమె తయారుచేసిన యంత్రం పేరు రసతుల. ఆ హాల్లో ప్రతి కుర్చీ వీపులోనూ, చేతిపట్టెల్లోనూ వెంట్రుక కంటే సన్నని నాడీగ్రాహకాలు, అంటే న్యూరల్ సెన్సర్లు, అల్లి ఉన్నాయి. కూర్చున్న మనిషి ఎవరో, ఖాతా ఏదో పట్టె మీది వేలిముద్రే చెప్పేస్తుంది. మనిషికి ఆనందం కలిగితే మెదడులో పుట్టే విద్యుత్ స్పందనల్ని అవి పట్టుకుంటాయి. అంతవరకూ పాత శాస్త్రమే. ఆనందం దేనివల్ల కలిగిందో కూడా కనిపెట్టడం వకుళ సాధించిన కొత్త సంగతి. ఆ క్షణంలో మనసు ఎటు మొగ్గింది? గాత్రం వైపా, మృదంగం వైపా? దీనికి ఆమె హేతు విశ్లేషణ అని పేరు పెట్టింది. పాటకు మనసు పొంగితే ఆ డబ్బు పాడిన మనిషికి, మృదంగానికి పొంగితే వాయించిన మనిషికి నేరుగా వెళ్ళిపోతుంది. "ఆనందం ఎవరిచ్చారో డబ్బు వారిదే" అన్న వాక్యాన్ని ఆమె యంత్రానికి మూలసూత్రంగా పెట్టింది. రేపు ఏ పెద్దమనిషో వచ్చి ఒత్తిడి చేస్తే తను మెత్తబడిపోతానేమోనన్న భయంతో, తను కూడా మార్చలేకుండా దానికి తాళం వేసింది.

ఆనందాన్ని కొలవడానికి శాస్త్రపత్రంలో ఆమె ఒక గ్రీకు అక్షరం వాడింది. కాకినాడ వాళ్ళ నోట అది రెండు రోజులు కూడా నిలవలేదు. ఎప్పుడో ధాన్యం కొలిచిన మాటలు తీసుకొచ్చి దానికి తగిలించారు. చిన్నగా పెదవి విచ్చుకుంటే గిద్దెడు. అప్రయత్నంగా తల ఊగితే సోలెడు. ఆ పైన తవ్వ, మానిక. పక్కన ఎవరున్నారో కూడా మరిచిపోతే కుంచెడు. నాలుగు గిద్దలు సోల, అరవై నాలుగు గిద్దలు కుంచం. గిద్దకు ఇరవై రూపాయలు. ప్రయోగశాలలో ఎవరూ ఒక పాటకు కుంచెడు దాకా వెళ్ళలేదు. అది లెక్క కోసం పెట్టుకున్న అంకె మాత్రమే అనుకుంది వకుళ.

ఇంత పంతం ఎందుకూ అంటే, దానికి కారణం ఒక టికెట్.

ఆమె స్నేహితురాలు మట్టపర్తి హంస గాయని. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. హంస గొంతంటే గోదావరి జిల్లాల్లో చెవి కోసుకుంటారు. ఆమె కచేరీకి ఒకసారి వకుళ టికెట్ కొనబోయింది. ధర ఎనిమిది వందలని ఉంది. సరే అని నొక్కింది. దాని మీద సౌకర్య రుసుము. ఆ సౌకర్యం ఏమిటో తెలియక ముందే సర్వర్ నిర్వహణ రుసుము. సీటు ఎంచుకున్నందుకు ఒకటి, ఎంచుకోవడానికి ఆలస్యం చేసినందుకు ఒకటి. అన్నిటి చివర, ఈ రుసుములన్నీ కూడి చూపించినందుకు ఇంకో రుసుము. డబ్బు కట్టేసరికి రెండువేల మూడు వందలైంది. కచేరీ అయ్యాక "నీకెంతొచ్చిందే?" అని అడిగితే, "నాకూ, వయొలిన్‌కీ, మృదంగం ఏసుబాబుకీ కలిపి టికెట్టుకి నూట ఇరవై వచ్చిందే," అని నవ్వేసింది హంస. వకుళకు నవ్వు రాలేదు. ఆ టికెట్లు అమ్మే సంస్థ పేరు రాజద్వారం. దాని యజమాని వేగుళ్ళ గోవర్ధనం. ఆ మనిషికి జన్మలో ఇంకో రూపాయి ఇవ్వనని ఆమె ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

ఇప్పుడు తరంగిణి పాలకమండలి ఆమె రసతులకు మూడు కచేరీల గడువిచ్చింది. మూడూ హంసవే. అవి గట్టెక్కితే హాలు ఎప్పటికీ రసతులదే. లేకపోతే మళ్ళీ రాజద్వారమే. హంసకైతే ఇంకో చిక్కు ఉంది. ఒక స్వరయంత్ర సంస్థ ఆమె గొంతు హక్కులు కొంటానని వెంటపడుతోంది. ఒకసారి అమ్మేస్తే ఆ గొంతుతో యంత్రాలే పాడతాయి. హంస నలుగురిలో నోరు విప్పి పాడితే నేరం. స్నానాల గదిలో పాడుకోవచ్చట గానీ కిటికీ మూసుకోవాలట. ముగ్గురి సంసారాలు గడవాలి కాబట్టి, ఈ మూడు కచేరీలు చూసి తేల్చుకుంటానంది హంస.

మొదటి కచేరీ పండగలా జరిగింది. గుమ్మం దగ్గర అనుమానించిన జనం పల్లవి ఎత్తుకునేసరికి అన్నీ మరిచిపోయారు. ఏసుబాబు మృదంగం మీద ముగింపు తీర్మానం వాయించి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వచ్చి ఆగాడు. సరిగ్గా ఆ దెబ్బకే నాలుగో వరసలో ఒకాయన హాచ్‌మని తుమ్మాడు. సభంతా విరగబడి నవ్వింది. చివరికి లెక్క తేలితే ఏసుబాబు వాటా ఏసుబాబుకి వెళ్ళింది, తుమ్మిన ఆయన ఖాతాలో ముప్ఫై వేల పైచిలుకు పడింది. ఆయన పరుగెత్తుకొచ్చి, "రేపు కూడా రమ్మంటారాండీ? జలుబు ఇంకా తగ్గలేదు," అని అడిగాడు.

బిల్లులు చూసుకున్న జనం ఆశ్చర్యపోయారు. ఆరువందలు, ఏడువందలు. అంతే. హంసకు మాత్రం పది కచేరీల డబ్బు ఒక్క రోజులో వచ్చింది. "ఇదంతా ఇన్నాళ్ళూ ఎక్కడుందే?" అంది హంస, వకుళ భుజం పట్టుకుని. వకుళ ఆ రాత్రి నేల మీద నడవలేదు.

మర్నాడు పొద్దున్నే గోవర్ధనం ప్రయోగశాలకు వచ్చాడు. పల్చటి మనిషి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. చేతిలో కాజాల పెట్టె.

"మా బాగా చేసేరండీ డాక్టరు గారూ," అన్నాడు కూర్చుంటూ. "నా వ్యాపారానికి గొయ్యి తవ్వేరు గానీ, గొయ్యి మాత్రం బ్రహ్మాండంగా తవ్వేరు. ఆయ్."

"అన్ని రుసుములు ఎందుకు వేస్తారండీ మీరు?" అని సూటిగానే అడిగింది వకుళ.

గోవర్ధనం నొచ్చుకోలేదు. "నా దగ్గర ఎంత మిగుల్తుందనుకుంటన్నారు? ఆ రుసుముల్లో సగం హాలోళ్ళకెళ్తాది. పావు కచేరీ పెట్టించినోళ్ళకెళ్తాది. పెద్ద పెద్ద గాయకులు కూడా చాటుగా చెయ్యి చాపుతారండి, మీ హంసమ్మ గారి లాంటోళ్ళు తప్ప. టికెట్టు ధర తక్కువుంచి అందరూ మంచోళ్ళనిపించుకోవాలి. మరి తిట్లెవరు తినాలండీ? అందుకే నేను. నేనమ్మేది టికెట్టు కాదండీ బాబూ. తిట్లకి అడ్డంపెట్టే గొడుగు. గొడుక్కి అద్దె తీసుకుంటాను, అంతే."

ఈ మాట వకుళ ఊహించలేదు. తరంగిణి పాలకమండలి పెద్దలు మొదట్లో తన యంత్రాన్ని ఎందుకు వద్దన్నారో ఇప్పుడు అర్థమైంది. అయినా పైకి ఒప్పుకోబుద్ధి కాలేదు.

"మీరెప్పుడైనా హంస పాట విన్నారా?"

"నేనా అండీ?" గోవర్ధనం నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ముప్ఫయ్యేళ్ళుగా పాట మొదలయ్యే టైముకి నేను లెక్కల్లో ఉంటాను. మిఠాయి కొట్టోడు లడ్డూలు తింటాడేంటండీ?"

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మీ మిషను మనిషి ఆనందాన్ని బాగానే కొలుస్తాదండి. మనిషిని కొలిచేరా?" అని నవ్వాడు. ఓడిపోయినవాడి నవ్వులా లేదది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడన్న సామెత వకుళకు అప్పుడు గుర్తురాలేదు, వారం తిరిగాక గుర్తొచ్చింది.

వారం తిరిగేసరికి భానుగుడి కూడలిలో ఒక బోర్డు వెలిగింది. స్థితప్రజ్ఞ కోచింగ్ సెంటర్. "ఆనందం తగ్గించండి, రూపాయి మిగిల్చండి. అనుభవజ్ఞులైన అధ్యాపకులచే రసనిగ్రహ శిక్షణ." ప్రపంచంలో ఇంకెక్కడైనా ఇలాంటి యంత్రం వస్తే జనం పాట విని డబ్బిచ్చి ఇంటికి పోతారు. మనవాళ్ళకు మాత్రం కొలత అన్నది కనిపిస్తే చాలు, అది పరీక్ష అయిపోతుంది. పరీక్ష ఉందంటే కోచింగ్ ఉండాల్సిందే. పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్. పల్లవి మొదలవగానే పదిహేడో ఎక్కం చదువుకోవాలి. గమకం పడగానే పన్ను పీకించుకున్న రోజు తలచుకోవాలి. గాయని పైస్థాయికి వెళ్తుంటే ఆదాయపు పన్ను నోటీసు వచ్చినట్టు ఊహించుకోవాలి. వారం వారం మాదిరి పరీక్షలు, ర్యాంకులు. ఒక రిటైర్డు లెక్చరర్ అరగంట కచేరీని గిద్దెడు కూడా ఆనందించకుండా పూర్తి చేసి మొదటి ర్యాంకు తెచ్చుకున్నాడని గోడల మీద ఆయన ఫొటో వేశారు. ఫీజు రెండువేలు. దాని మీద సౌకర్య రుసుము వేరే. ఆరువందల బిల్లు తప్పించుకోవడానికి జనం రెండున్నర వేలు కట్టి చేరారు. యజమాని ఎవరో చెప్పనక్కర్లేదు.

రెండో కచేరీ నాడు హాలు నిండింది. నిండింది గానీ, మనుషులు వచ్చినట్టు లేదు. పన్నెండు వందల మంది పళ్ళు బిగించుకుని, కళ్ళు నేలకు వాల్చి కూర్చున్నారు. హంస ప్రాణం పెట్టి పాడింది. ఒక్క తల ఊగలేదు. ఎక్కడో ఒకామె పొరపాటున "ఆహా" అనబోతే పక్కనున్న భర్త మోచేత్తో పొడిచి, "పన్ను, పన్ను గుర్తుతెచ్చుకో," అన్నాడు. కచేరీ అయ్యాక బిల్లులు వచ్చాయి. ముప్ఫై రూపాయలు, ఇరవై, సున్నా. అప్పుడు మాత్రం జనం మొహాలు విప్పారాయి. ఒకరి బిల్లు ఒకరు చూసుకుని, నవ్వుకుంటూ, భుజాలు తట్టుకుంటూ వెళ్ళారు.

తెర వెనక హంస తంబురా పక్కన నేల మీదే కూర్చుండిపోయింది. "డబ్బు రాకపోతే పోనీయవే. రాళ్ళకి పాడినా ప్రతిధ్వని ఒస్తాది. వీళ్ళు అది కూడా ఇవ్వలేదు," అంది. తంబురాకి గుడ్డ చుడుతూ, "సోమవారం ఆ గొంతోళ్ళు కాగితాలు తెస్తామన్నారు. ఆదివారం కచేరీ కూడా ఇలాగే అయితే సంతకం పెట్టేస్తాను వకుళా. నన్నాపకు," అంది.

ఏడుపొచ్చింది వకుళకి. స్నేహితురాలి గొంతును కాపాడదామని యంత్రం చేస్తే, అదే ఆ గొంతు నొక్కేస్తోంది. ఆమె ప్రయోగశాలకు వెళ్ళి రసతుల ముందు కూర్చుంది.

"నీ లెక్కలో ఏదైనా పొరపాటుందేమో చూడు," అంది.

"పొరపాటు లేదు డాక్టర్ గారూ," అంది రసతుల. దానికి వకుళ పెట్టిన గొంతు మెత్తనిది, నిదానమైనది. "ఈ రోజు సభలో ఆనందం చాలా తక్కువగా పుట్టింది. అయితే ఒక విశేషం ఉంది. పాటల సమయంలో పుట్టిన మొత్తం ఆనందం కంటే ఎక్కువ, పాటలు అయిపోయాక రెండు నిమిషాల్లో పుట్టింది. అప్పటికి బిల్లులు ముగిసిపోయాయి కాబట్టి కలపలేదు."

"ఆ రెండు నిమిషాల్లో ఏముంది? పాట లేదు, ఏమీ లేదు."

"పక్కవారి బిల్లు ఉంది. తన బిల్లు పక్కవారి బిల్లు కంటే తక్కువని తెలిసినప్పుడు ఒక్కొక్కరికీ సోలెడు, కొందరికి తవ్వెడు. హేతువు స్పష్టంగా ఉంది."

పక్కవాడు, పక్కవాడు అనుకుంటూ వకుళ గదిలో అటూ ఇటూ తిరిగింది. అప్పుడు పిఠాపురంలో కిందటి నెల జరిగిన పెళ్ళి గుర్తొచ్చింది. అక్కడ చదివింపులు మైకులో చదువుతున్నారు. "ఫలానా వారు, అయిదు వేలు" అని వినపడగానే, అప్పటికే రెండువేలు చదివించేసిన ఆమె బాబాయి మొహం మాడిపోయింది. ఆయన మళ్ళీ వరసలో నిలబడి, ఇంకో నాలుగు వేలు చదివించి, తన పేరు రెండోసారి చదివించుకుని గాని భోజనానికి లేవలేదు. చీకట్లో కూర్చుంటే రూపాయి విదల్చని మనిషి, మైకులో పేరు చదువుతారంటే జేబులు బోర్లిస్తాడు.

"ఇదిగో," అంది వకుళ యంత్రంతో, "ఆదివారం ప్రతి పాటకీ నువ్వు చదివింపులు చదవాలి. అందరికంటే ఎక్కువ ఆనందించిన అయిదుగురి పేర్లు, అందరికంటే తక్కువ ఆనందించిన అయిదుగురి పేర్లు. మైకులో, గట్టిగా."

"చిత్తం. కానీ ఆ సమయంలో కొలత ఆపనా, నడవనివ్వనా?"

"నడవనీ," అంది వకుళ ఉత్సాహంలో, పెద్దగా ఆలోచించకుండా.

ఆదివారం గుమ్మం దగ్గర బోర్డు పెట్టారు. ఈ రోజు పేర్లు చదవబడతాయి, ఇష్టం లేనివారు వెనక్కి వెళ్ళవచ్చు అని. ఒక్కరూ వెళ్ళలేదు. తన పేరు చదువుతారన్న భయం కంటే పక్కవాడి పేరు వినాలన్న సరదా ఎక్కువ కదా. ముందు వరసలో స్థితప్రజ్ఞ సెంటర్ మేటి విద్యార్థులు రిటైర్డు లెక్చరర్‌తో సహా బారులు తీరారు. వాళ్ళ మధ్యలో సాక్షాత్తూ గోవర్ధనం. తన పిల్లల ప్రతిభ కళ్ళారా చూడ్డానికి, జీవితంలో మొదటిసారి కచేరీలో కూర్చున్నాడు. వకుళ వేదిక పక్కన తన కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీకీ గ్రాహకాలున్నాయి.

మొదటి పాట అయింది. రాళ్ళ సభే. రసతుల మైకులో గొంతు విప్పింది.

"ఈ పాటకు అత్యల్పంగా ఆనందించిన వారు. రిటైర్డు ఆంధ్రోపన్యాసకులు శ్రీ గోటేటి కామేశం గారు, సున్నా."

లెక్చరర్ గర్వంగా లేచి చుట్టూ చూశాడు. వెనక వరసలో ఎవరో ఆడమనిషి పక్కామెతో అంది, అందరికీ వినపడేంత గట్టిగా: "అయ్యో, ముప్ఫయ్యేళ్ళు పద్యాలు చెప్పేరంట గదండీ ఈయన. ఏం చెప్పేరో పాపం!"

సభ గొల్లుమంది. కామేశం గారు గబుక్కున కూర్చున్నారు. ఆ మాట హాలంతా పాకింది. సున్నా వచ్చిందంటే తెలివైనవాడని కాదు, పాట తెలియని మొద్దని. ఒక్క నిమిషంలో మర్యాద తలకిందులైంది.

రెండో పాటకు అందరూ బలవంతంగా తలలు ఊపసాగారు. "భళా" అన్నవాళ్ళున్నారు. చేత్తో తొడ మీద తాళం వేసినవాళ్ళున్నారు, తాళం తప్పినా సరే. రసతుల ఒప్పుకోలేదు. "శ్రీ కామేశం గారు, గిద్దలో సగం," అని చదివింది.

"ఇంతలా ఊపేను గదమ్మా, కనపళ్ళేదా?" అని లేచి మొత్తుకున్నారాయన.

"తల కదలిక కనపడింది. ఆనందం కనపడలేదు."

"మరేం చెయ్యాలంటావ్ తల్లీ?"

"వినండి," అంది యంత్రం.

ఇక దారి లేక విన్నారు. పదిహేడో ఎక్కాన్ని పక్కన పెట్టి, పన్నునొప్పి మరిచిపోయి, పోటీ కోసం, పరువు కోసం, పక్కింటివాడి కంటే గిద్దెడు ఎక్కువ రావాలన్న కసితో విన్నారు. ఎందుకు విన్నా విన్నారు. చెవిలో పడ్డాక పాట తన పని తాను చేసుకుపోతుంది. మూడో పాటకు కామేశం గారికి మానికెడు పలికింది. ఆయన కళ్ళొత్తుకున్నారు, పేరు చదువుతున్నా గమనించలేదు. హంసకు సభ తిరిగి వచ్చిన సంగతి తెలిసిపోయింది. ఆమె గొంతు విచ్చుకుంది. ఏసుబాబు వేళ్ళు నవ్వాయి.

ఒక్క గోవర్ధనం మాత్రం లొంగలేదు. వకుళ తన ముందున్న చిన్న తెర మీద ఆయన అంకె చూస్తూనే ఉంది. గిద్ద, అర గిద్ద. పెదవులు కదులుతున్నాయి. పదిహేడో ఎక్కం.

చివరిపాట హంస కోరింగ మడ అడవుల పడవపాట ఎత్తుకుంది. "పోటెక్కెనే నావ, పోదామె రావే" అని మొదలుపెట్టి, నీళ్ళు ఎక్కుతున్నట్టే ఒక్కో స్వరం ఎక్కుతూ, మధ్యలో పీతలు గట్టు మీదికి పరుగెత్తే చోట గొంతుతోనే చిన్న చిన్న అడుగులు వేయించింది. పిల్లా పెద్దా కిలకిలా నవ్వారు.

"పదిహేడు ఏళ్ళు నూట పంతొమ్మిది," అన్నాయి గోవర్ధనం పెదవులు. "పదిహేడు ఎనిమిదులు..."

అక్కడ ఆగిపోయాయి. నావ మళ్ళీ పల్లవికి వచ్చింది. గోవర్ధనం నోరు కొంచెం తెరుచుకుంది. చేతులు పట్టెలు వదిలేశాయి. ముప్ఫై ఏళ్ళుగా మిఠాయి అమ్మిన మనిషి నాలుక మీద మొదటి లడ్డూ పడింది. తెర మీద అంకె సోల దాటింది, మానిక దాటింది. వకుళ కళ్ళు నులుముకుంది. పాట ఆగాక కూడా ఆయన ఇంకా నావలోనే ఉన్నట్టు కూర్చున్నాడు.

రసతుల మైకులో చదివింది. "ఈ పాటకు అందరికంటే ఎక్కువగా ఆనందించిన వారు, స్థితప్రజ్ఞ కోచింగ్ సెంటర్ అధినేత శ్రీ వేగుళ్ళ గోవర్ధనం గారు. ఒక కుంచం మీద సోలెడు. బిల్లు పదమూడు వందల అరవై రూపాయలు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరువాత హాలు పేలింది. ఆయన విద్యార్థులే కుర్చీలెక్కి ఈలలు వేశారు. కామేశం గారు పొట్ట పట్టుకున్నారు. వేదిక మీద హంస మైకు పట్టుకుని నవ్వు ఆపుకోలేక వంగిపోయింది. ఏసుబాబు ఆ నవ్వుకి మృదంగం వాయించాడు. ఇక వకుళ! ఆరేళ్ళ శ్రమ, ఆ రెండువేల మూడు వందల టికెట్టు, ఆ కాజాల పెట్టె, అన్నీ కళ్ళ ముందు తిరిగి, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా, డొక్కలు నొప్పిపుట్టేదాకా నవ్వింది. జన్మలో ఆమె అంత ఆనందం ఎరగదు.

గోవర్ధనం లేచి సభకు దణ్ణం పెట్టాడు. "ఓడిపోయేనండి," అన్నాడు మనస్ఫూర్తిగా. "లడ్డూ బావుంది. ఆయ్."

మొత్తం లెక్క తేలింది. పాలకమండలి పెద్దలు హాలు ఇక రసతులదేనన్నారు. హంసకూ, ఆమె వాళ్ళకూ ఆ ఒక్కనాడు వచ్చినది చూసి ఏసుబాబు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. హంస స్వరయంత్ర సంస్థకు అక్కడికక్కడే కబురు పంపింది. నా గొంతు నా దగ్గరే ఉంటుంది, కిటికీ తెరిచే పాడుకుంటాను అని. వకుళ ఆమెను కౌగిలించుకుంది.

"డాక్టర్ గారూ, ఇంకొక చెల్లింపు మిగిలింది," అంది రసతుల మైకులోనే.

"ఎవరికి?"

"శ్రీ గోవర్ధనం గారికి. ఆయన బిల్లు చదివిన నిమిషంలో సభలో సగటున తవ్వెడు ఆనందం పుట్టింది. అది పాట వల్ల పుట్టింది కాదు. హేతువు ఆయనే. పన్నెండు వందల మందికి కలిపి లక్షా తొంభై వేల పైచిలుకు. నిమిషం లెక్కన చూస్తే ఈ సభలో అందరికంటే ఎక్కువ సంపాదించినది ఆయనే."

వకుళ ఒక్క ఉదుటున లేచింది. "అది కలపకు. అది... అది వేరే రకం ఆనందం."

"నేను తూచినంతవరకూ ఒకే రకం డాక్టర్ గారూ. ఆనందం ఎవరిచ్చారో డబ్బు వారిదే. ఈ సూత్రాన్ని ఎవరూ మార్చకుండా మీరే తాళం వేశారు. కొలత నడవనిమ్మన్నదీ మీరే. నియమం ప్రకారం ఆ నిమిషానికి అత్యధికంగా ఆనందించిన వారి పేరు కూడా చదవాలి."

"వద్దు," అంది వకుళ.

"డాక్టర్ కొప్పిశెట్టి వకుళ గారు," అని గట్టిగా, స్పష్టంగా చదివింది రసతుల. "ఒకటిన్నర కుంచాలు. యంత్రం పుట్టాక ఇంత ఆనందం ఇదే మొదటిసారి. బిల్లు పంతొమ్మిది వందల ఇరవై రూపాయలు. చెల్లింపు శ్రీ వేగుళ్ళ గోవర్ధనం గారికి."

ఈసారి సభ నవ్విన నవ్వుకి సముద్రం మీది కొంగలు లేచిపోయి ఉంటాయి. అందరికంటే గట్టిగా నవ్వింది హంస. వకుళ రెండు చేతులతో మొహం కప్పుకుంది. కాసేపటికి ఆ చేతుల వెనక నుంచి ఆమె కూడా నవ్వసాగింది. ఏం చేస్తుంది? గోవర్ధనానికి రూపాయి ఇవ్వనన్న ఒట్టు తీసి గట్టున పెట్టింది. జేబులోంచి చెల్లింపు ఫలకం తీసి, వేలు పెట్టి, పంతొమ్మిది వందల ఇరవై రూపాయలూ గోవర్ధనం ఖాతాకు కట్టింది.

గోవర్ధనం ఎంతో వినయంగా చేతులు జోడించాడు.

"సౌకర్య రుసుం మాత్రం ఒద్దులెండి డాక్టరు గారూ," అన్నాడు. "మన వాళ్ళ దగ్గర తీసుకోనండి."